మెట్ల మీద లాంతరు

చదువు అయిపోయి, సీటు అయిపోయి, మెస్ కార్డు కూడా అయిపోయి, ఉద్యోగం మాత్రం రాక హాస్టల్లోనే ఉండిపోయినవాళ్ళను యూనివర్సిటీలో నాన్‌బోర్డర్లు అంటారు. వినడానికి మర్యాదగా ఉంటుందని అలా అంటారు గానీ, అసలు అర్థం దొంగచాటుగా ఉంటున్నవాడనే. పరశురాం ఆరేళ్ళుగా నాన్‌బోర్డరు. ముప్ఫై రెండేళ్ళు వచ్చాయి. గ్రూప్ టూ మూడోసారి రాయబోతున్నాడు. పరీక్ష ఇంకా తొమ్మిది రోజులే ఉంది. జనగామ దగ్గర వాళ్ళ ఊరికి పోతే ఎదురుపడ్డ ప్రతి మనిషీ ఉద్యోగం వచ్చిందా అని అడుగుతాడని పండగలకు కూడా పోవడం మానేశాడు.

మే నెలలో హాస్టల్ మూసేస్తారు. మెస్‌కు తాళం పడుతుంది. మూడొందల మంది మసిలే మూడంతస్తుల బిల్డింగులో ముగ్గురో నలుగురో మిగులుతారు, వాళ్ళు కూడా ఒకరికొకరు కనబడకుండా తిరుగుతారు. కరెంటు మాత్రం తీయరు. కింద ఆఫీసు గదికీ నీళ్ళ మోటారుకూ అదే లైను కాబట్టి. చీకటి పడగానే వాచ్‌మన్ కొమురెల్లి కర్ర తాటించుకుంటూ బిల్డింగు చుట్టూ తిరుగుతాడు. ఏ కిటికీలో వెలుగు కనబడితే ఆ గది నంబరు నోటుబుక్కులో రాసుకుంటాడు. తెల్లారేసరికి ఆ గదికి కొత్త తాళం, సామానంతా వరండాలో. కొమురెల్లి చెడ్డవాడేం కాదు. వెలుగు కనబడితే రాయాలి, కనబడకపోతే రాయక్కర్లేదు, అతని ఉద్యోగం అంతవరకే.

అందుకని పైఅంతస్తు చివరి గదిలో కిటికీకి గొంగడి కట్టి ఉంటుంది. పరశురాం నాయిన గొర్రెల వెంట ముప్ఫై ఏళ్ళు కప్పుకుని తిరిగిన నల్ల గొంగడి అది. కొడుకు ఆఫీసరు అయ్యేదాకా చలికి వణకకూడదని ఇచ్చి పంపాడు. దాన్ని దాటి సూది మొనంత వెలుగు కూడా బయటికి పోదు. వాన జల్లు తగిలిన రోజు మాత్రం గదంతా మంద వాసన కొడుతుంది.

గొంగడి కిటికీకి కట్టాలన్న ఆలోచన సామేలుది. సామేలుకు ఆ ఆలోచన ఒక ఆట ఇచ్చింది.

సామేలు ఆ గదిలో పరశురాంతో పాటు ఉండేవాడు. రెండేళ్ళు చిన్న. ఆలేరు అవతల ఊరు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి భాగ్యమ్మ కూలికి పోయి చదివించింది. ఆదివారం చర్చికి పోయేవాడు, మిగిలిన ఆరు రోజులు ల్యాప్‌టాప్‌లో జాంబీల్ని చంపేవాడు. ఆ ఆటలో ఒక ఊరంతా చచ్చిపోయి ఉంటుంది, చచ్చినవాళ్ళే వీధుల్లో తిరుగుతుంటారు. బతికిన ఒకరిద్దరు ఒక ఇంట్లో దాక్కుని, తిండి వెతుక్కుంటూ రోజులు నెట్టుకురావాలి. పగలు ఆ పీనుగులకు కళ్ళు సరిగ్గా ఆనవు. రాత్రయితే ఎక్కడ వెలుగు కనబడితే అక్కడికి వచ్చి మీద పడతాయి. దీపం లేకపోతే ఇంట్లో ఏ పనీ జరగదు, దీపం బయటికి కనబడితే ప్రాణం దక్కదు. కిటికీలకు దుప్పట్లు కట్టాలి. దీపాన్ని కిటికీ మట్టం కంటే కింద, నేల మీద పెట్టాలి. తలుపు తీసేముందు ఆర్పాలి. ముప్ఫై దగ్గర పడ్డ మనుషులకు ఇదేం ఆటరా అని పరశురాం మొదట్లో ఎగతాళి చేశాడు. నెల తిరగకముందే సెకండ్ హ్యాండ్ కంప్యూటరు ఒకటి కొనుక్కొచ్చి పక్కన కూర్చున్నాడు. ఆ ఆటలో నేర్చుకున్నవన్నీ హాస్టల్లో బతకడానికి పనికొచ్చాయి. పీజీలో చదివింది ఒక్కటీ అంతగా పనికిరాలేదు.

తలుపు తట్టడానికి కూడా ఇద్దరూ ఒక లెక్క పెట్టుకున్నారు. రెండుసార్లు తట్టి, కాస్త ఆగి, ఇంకొకసారి. అలా తడితేనే తీయాలి. వేరే ఎలా తట్టినా దీపం ఆర్పి, ఊపిరి బిగబట్టి, గదిలో ఎవరూ లేనట్టు కూర్చోవాలి.

"సచ్చినోళ్ళు లెక్క లేకుండ కొడతరన్నా," అనేవాడు సామేలు, ఆటలో తలుపు మీద పడి బాదే జాంబీల్ని చూపిస్తూ. "లెక్కగ కొట్టెటోడే మనిషి."

ఒక్క మెట్ల దగ్గరే ఇద్దరికీ పడేది కాదు. ఆటలో వాళ్ళ ఇంటికి ఒక మెట్ల దారి ఉంది. సామేలు దాని మధ్యలో ఒక లాంతరు పెట్టేవాడు. పరశురాం పోయి ఆర్పేవాడు. సామేలు మళ్ళీ వెలిగించేవాడు. హాస్టల్లో అయితే ఆ గొడవ కూడా లేకుండా, పైఅంతస్తుకు వచ్చే మెట్ల మీది బల్బును పరశురామే ఊడదీసి హోల్డరు ఖాళీగా వదిలేశాడు. మెట్లు చీకటిగా ఉంటే కొమురెల్లికి పైకి ఎక్కబుద్ధి కాదని అతని లెక్క. మనం నడిచే తొవ్వ మనకే కనబడకపోతే ఎట్లన్నా అని సామేలు రెండు మూడుసార్లు అన్నాడు. పరశురాం చెవిన వేసుకోలేదు.

పోయిన ఏడాది మే నెలలో ఒక సాయంత్రం, తార్నాక నుంచి రెండు ఎగ్ ఫ్రైడ్ రైస్ పట్టుకొస్తానని సామేలు ఏడున్నరకు కిందికి దిగాడు. ఫోను ఛార్జింగుకు పెట్టి పోయాడు. చీకటి మెట్ల మీద కాలికి ఏదో గీరుకుందని ఫ్రైడ్ రైస్ బండి దగ్గర అన్నాడట. కట్లపాము కాటు పెద్దగా నొప్పి కూడా పుట్టదంటారు. ఇనుప చువ్వ అనుకున్నాడు పాపం. అక్కడే నిలబడి పార్సిల్ కట్టించుకుని, ప్రహరీ గోడ సందులోంచి క్యాంపస్‌లోకి వచ్చి, మూడంతస్తులు ఎక్కాడు. తెల్లవారి పరశురాం తలుపు తీసేసరికి గడప ముందు బోర్లా పడి ఉన్నాడు. చెయ్యి తలుపుకు ఆనుకుని ఉంది. పార్సిల్ మెట్ల మీద కట్టిన దారం కట్టినట్టే ఉంది. ఆ విషం ముందుగా కనురెప్పల్నీ నాలుకనూ పడగొడుతుందని, పిలుద్దామన్నా గొంతు పెగలదని, ఒక్క గంట ముందు తెచ్చినా బతికేవాడని ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు. రెండు రోజులకు మెట్ల కింద ఆ పామును కొట్టి చంపారు.

పరశురాం అందరికీ ఒకటే చెప్పాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నిద్రపోయాను, ఏమీ వినబడలేదు అని. పోలీసులు రాసుకున్నారు. భాగ్యమ్మ ఒక్క మాట అడిగింది.

"నా కొడుకు తలుపు కొట్టలేదా బిడ్డా?"

"నాకు తెల్వదమ్మా. నిద్రల ఉన్న."

ఆమె నమ్మింది. నమ్మడమే కాదు, సామాను సర్దుకుని పోతూ ల్యాప్‌టాప్ అతని చేతిలో పెట్టింది. నా కొడుకు చెయ్యి పడ్డ వస్తువు, నీ దగ్గరుంటే వాని దగ్గరున్నట్టే అంది. పరశురాం దాన్ని ట్రంకు పెట్టెలో అడుగున పెట్టి ఏడాది పాటు తీయలేదు. గది మాత్రం వదల్లేదు. వదిలితే బయట గదికి అద్దె కట్టే తాహతు లేదు.

సరిగ్గా ఏడాది నిండిన రోజున, మధ్యాహ్నం భాగ్యమ్మ ఫోను చేసింది. ఉప్పల్‌లో బస్సు దిగానని, హబ్సిగూడలో చెల్లెలి బిడ్డ నవనీత ఇంట్లో ఉన్నానని, పొద్దున అక్కడే జ్ఞాపకార్థ ప్రార్థన ఉందని చెప్పింది. రమ్మంది. అతను చదువుకోవాలని నసిగాడు. ఆమె నొచ్చుకోలేదు.

"అయితే ఒక్క పని చెయ్యి బిడ్డా. ఈ రాత్రికి ఆ గది కిటికీల ఒక్క కొవ్వొత్తి పెట్టు. చీకట్ల వచ్చిండు, చీకట్ల పోయిండు. ఒక్కసారన్న వెలుగు సూడనీ."

సరేనమ్మా అన్నాడు. అనకుండా ఎలా ఉంటాడు?

సాయంత్రం తార్నాకకు పోయి అరటిపండ్లతో పాటు కొవ్వొత్తి కూడా కొనుక్కొచ్చాడు. ఏడు దాటింది. వేసవి చీకటి మెల్లగా దిగింది. రాళ్ళ గుట్ట వైపు నెమలి ఒకటి రెండుసార్లు అరిచి మానేసింది. దూరంగా సీతాఫల్‌మండి వైపు రైలు కూత. వరండాలో గబ్బిలాల వాసన, ఎండిన వేపాకు వాసన. కింద కొమురెల్లి కర్ర చప్పుడు బిల్డింగును చుట్టేసి ఆఫీసు గది వైపు పోయింది. పరశురాం కొవ్వొత్తి వెలిగించి కిటికీ దిమ్మ మీద పెట్టాడు. గొంగడిని మాత్రం ముట్టుకోలేదు. కొవ్వొత్తి గొంగడికి లోపలివైపే ఉండిపోయింది. కిటికీలో కొవ్వొత్తి పెట్టినట్టూ అయింది, బయటికి వెలుగు పోకుండానూ ఉంది. తొమ్మిది రోజుల్లో పరీక్ష పెట్టుకుని ఎవడు మాత్రం సామాను వరండాలో పారేయించుకుంటాడు? ఫోటో తీసి నవనీత నంబరుకు పంపాడు. ఫోటోలో గొంగడి పడకుండా చూసుకున్నాడు.

పెద్దమ్మ ఫోటో చూసి ఏడ్చింది అన్నా, మీకు దండాలు చెప్పమంది అని జవాబు వచ్చింది.

ఆ దండాలు చూశాక అతను ఒలిచిన అరటిపండును పక్కన పెట్టేశాడు. ఎందుకంటే పోయిన ఏడాది ఆ రాత్రి అతను నిద్రపోలేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు లేవు. ఆకలితో నకనకలాడుతూ, పార్సిల్ ఎప్పుడొస్తుందా అని టేబుల్ లైటు కింద కూర్చుని ఉన్నాడు. తొమ్మిదిన్నరకు తలుపు మీద చప్పుడైంది. రెండు, ఆగి, ఒకటి కాదు. ఎలా పడితే అలా, తలుపుకు బాగా కింద, ఎవరో కాలితో తన్నుతున్నట్టు. కొమురెల్లి అనుకున్నాడు. లైటు ఆర్పేశాడు. చప్పుడు మానేదాకా కదలకుండా కూర్చున్నాడు, సామేలు ఇంకా రాలేదేమని మనసులో విసుక్కుంటూనే. ఆ తలుపు కింద రెండు వేళ్ళ సందు ఉంది. రబ్బరు పట్టీ కొడతానని సామేలు ఎప్పుడూ అనేవాడు, కొట్టలేదు. నేల మీద పడి ఉన్నవాడి కళ్ళకు ఎదురుగా ఉండేది ఆ సందే. లోపల వెలుగు ఉండటమూ చూసి ఉంటాడు. తను తట్టగానే అది ఆరిపోవడమూ చూసి ఉంటాడు. ఏడాదిగా పరశురాం ఆ ఒక్క సంగతి దగ్గరికి పోకుండా చుట్టూ తిరుగుతున్నాడు.

ట్రంకు పెట్టె తెరిచి ల్యాప్‌టాప్ బయటికి తీశాడు. ఎందుకు తీశాడంటే, సిగ్గుతో. ఇక్కడ కిటికీలో దీపం దొంగగా పెట్టాడు. ఆటలోనైతే కొమురెల్లి లేడు, నోటుబుక్కు లేదు. సామేలు కట్టుకున్న ఇంట్లోనైనా కిటికీకి దుప్పటి తీసి దీపం పెడదామనుకున్నాడు.

ఆట అతన్ని ఆ ఇంట్లో పై గదిలో నిలబెట్టింది. అన్నీ వదిలినచోటే ఉన్నాయి. కిటికీలకు దుప్పట్లు, మూలన బియ్యం సంచులు, నేల మీద దీపం. తలుపు కింద సందులోంచి మాత్రం పసుపుపచ్చని వెలుగు గీత లోపలికి పడుతోంది. తలుపు తీశాడు. మెట్ల మధ్యలో లాంతరు వెలుగుతోంది.

చివరిసారి తనే ఆర్పినట్టు గుర్తు. తర్వాత సామేలు వెలిగించి ఉంటాడులే అనుకుని ఆర్పేసి లోపలికి వచ్చాడు. కిటికీ దుప్పటి తీశాడు. దీపం ఎత్తి కిటికీలో పెట్టాడు. బయట చీకట్లోంచి జాంబీలు ఒక్కొక్కటే రావడం మొదలైంది. రావాలి కూడా, ఆట అంతే. కానీ అవి కిటికీ వైపు రాలేదు. కిటికీని దాటి, ఇంటి పక్కకు తిరిగి, మెట్ల కింద వరుసగా నిలబడ్డాయి. మూలగడం లేదు. కదలడం లేదు. అన్నీ తలెత్తి పైకి చూస్తున్నాయి.

వెనక్కి తిరిగాడు. తలుపు కింద వెలుగు గీత.

మళ్ళీ పోయాడు. లాంతరు వెలుగుతోంది. ఈసారి ఆర్పి ఊరుకోలేదు, తీసి సంచిలో వేసుకున్నాడు. సంచిలో లాంతరు ఒకటి అని ఆట చూపించింది. లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాడు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. ఐదు దాకా వచ్చేసరికి...

తలుపు కింద మళ్ళీ వెలుగు.

సంచి తెరిచాడు. ఖాళీ.

కొవ్వొత్తి కరిగిన మైనం వాసన, దానితో పాటు గొంగడి వాసన. వాన లేదు, జల్లు లేదు. అయినా తడిసిన మంద వాసన గదంతా కమ్ముకుంటోంది. అప్పుడే ల్యాప్‌టాప్‌లోంచి తలుపు చప్పుడు వినిపించింది. ఒకటి... కాసేపు ఏమీ లేదు... రెండు... మళ్ళీ ఒకటి. లెక్క లేకుండా. తలుపుకు బాగా కింద. పాడు ఆట అని తిట్టుకుంటూ సౌండు పూర్తిగా తీసేశాడు.

చప్పుడు ఆగలేదు.

ఆ చప్పుడు ల్యాప్‌టాప్‌లోంచి రావడం లేదు. వెనక నుంచి వస్తోంది. గది తలుపు మీద నుంచి.

తల తిప్పలేకపోయాడు. చేతులు మాత్రం వాటికి అలవాటైన పని చేశాయి. ల్యాప్‌టాప్ మూశాయి. కొవ్వొత్తిని రెండు వేళ్ళ మధ్య నలిపి ఆర్పేశాయి. చీకటి. వేళ్ళు చురుక్కుమన్నా నోరు తెరవలేదు. ఊపిరి బిగబట్టాడు. గదిలో ఎవరూ లేరు. ఎవరూ లేరు...

తలుపు కింద సందులోంచి వెలుగు పడింది.

కొమురెల్లి టార్చి వెలుగు తెల్లగా ఉంటుంది. ఇది పసుపుగా ఉంది. కాస్త ఊగుతోంది. గచ్చు మీదుగా పాకుతూ వచ్చి అతని కాలి బొటనవేలి దాకా పడింది. పరశురాం కాలు వెనక్కి లాక్కున్నాడు. వెలుగు అక్కడే ఉంది. ఎంతసేపో తెలియదు. తర్వాత, ఎవరో ఎత్తుకుపోయినట్టు, పక్కకు జరిగి పోయింది.

అప్పుడు ఫోను మోగింది. నవనీత నంబరు. ఎత్తి చెవికి ఆనించుకున్నాడు. మాట ఫోనులోంచి వచ్చింది. అదే మాట తలుపు అవతల నుంచి కూడా వచ్చింది.

"బిడ్డా, నేనే. తలుపు కింద వెలుగుండె. తట్టంగనే పోయింది."

అతను తలుపు తీశాడు. వరండా చీకటిగా ఉంది. గడప ముందు, సరిగ్గా సామేలు పడి ఉన్న చోటే, భాగ్యమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతిలో నవనీత ఫోను, ఒళ్ళో ఒక గుడ్డ సంచి. ఫోటోలో దీపం చూశాక ఉండబట్టలేకపోయిందట. తనూ స్వయంగా ఒక కొవ్వొత్తి పెడదామని ఆటో కట్టించుకుని వచ్చింది. కొమురెల్లి గుర్తుపట్టి పైకి పొమ్మన్నాడు. నవనీత ఈ మెట్లు ఎక్కనని భయపడి ఆటోలోనే కూర్చుంది. మూడంతస్తులు ఎక్కేసరికి మోకాళ్ళు పట్టేసి, నిలబడలేక కూలబడి, కూర్చున్నచోటి నుంచే తలుపు తట్టింది. ఇదంతా ఆమె ఆయాసపడుతూ మామూలుగా చెప్పింది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. తలుపు కింది సందును చూసింది. అతన్ని చూసింది.

"ఆ దినం గూడ గిట్లనే ఆర్పినవా?"

ఏడాదిగా దాచుకున్న అబద్ధం గొంతు దాకా వచ్చింది, ఎప్పటిలాగే సిద్ధంగా ఉంది. కానీ ఆమె కూర్చున్న చోటు చూస్తే అది బయటికి రాలేదు.

"వాచ్‌మన్ అనుకున్న అమ్మా."

ఆమె తలుపు కింది సందులో వేళ్ళు పెట్టి చూసింది. కింద ఆటో ఇంజను గురగురలాడుతోంది.

"ఎన్నిసార్లు కొట్టిండు?"

తెలియదనవచ్చు. ఎవరు కాదంటారు?

"పదకొండుసార్లు."

భాగ్యమ్మ తిట్టలేదు. శపించలేదు. శపిస్తే బాగుండుననిపించింది అతనికి. ఆమె గోడ పట్టుకుని లేచి, అతన్ని దాటుకుని లోపలికి పోయి, చీకట్లో తడుముకుంటూ కిటికీ దగ్గర నిలబడింది. ఆరిన కొవ్వొత్తి చేతికి తగిలింది. దాని వెనక గొంగడి తగిలింది. రెంటినీ ఒకసారి తడిమి చూసి, ఫోటో సంగతి కూడా అర్థం చేసుకుంది. గొంగడిని ఒక్క గుంజు గుంజి నేల మీద పడేసింది. సంచిలోంచి తన కొవ్వొత్తి తీసి వెలిగించి, కిటికీలో నిలబెట్టి, పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంది. ఆరేళ్ళలో మొదటిసారి ఆ కిటికీ వెలుగు బయటి వేపచెట్టు మీద పడింది. తర్వాత ఆమె అతని వైపు చూడకుండా గడప దాటింది.

"ఉండమ్మా," అన్నాడు పరశురాం వెనకాలే వస్తూ. "మెట్ల మీద లైటు లేదు. ఫోను లైటు వేస్త."

"ఎందుకు? లాంతరున్నది గద."

అతని కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"ఎవలో పుణ్యాత్ములు పెట్టిన్రు," అంది ఆమె, తిరిగి చూడకుండానే. "ఎక్కేటప్పుడు అదే ఆసరైంది. నువ్వు పెట్టలేదులే, నాకెరికే."

ఆమె మూల తిరిగింది. పరశురాం ధైర్యం చేసి మెట్ల దాకా పోయి తొంగి చూశాడు. పైన హోల్డరు ఖాళీగా వేలాడుతోంది. లాంతరు ఎక్కడా లేదు. కింద మలుపు దగ్గర మాత్రం గోడ మీద పసుపు వెలుగు, ఆమెకు నాలుగు మెట్లు ముందుగా, ఆమెతో పాటు దిగిపోతోంది. మోకాళ్ళ నొప్పుల మనిషి ఎక్కడా తడుముకోవడం లేదు. ఎక్కడా ఆగడం లేదు. రెండో అంతస్తు. మొదటి అంతస్తు. ఆటో తలుపు చప్పుడు, నవనీత గొంతు, తర్వాత ఇంజను శబ్దం తార్నాక గేటు వైపు సన్నగిల్లిపోయింది.

గోడ మీద వెలుగు ఆటోతో పోలేదు. కింద కాసేపు నిలబడింది. తర్వాత పైకి ఎక్కడం మొదలుపెట్టింది.

పరశురాం గదిలోకి ఉరికి గడియ పెట్టాడు. కిటికీలో భాగ్యమ్మ కొవ్వొత్తి నిటారుగా వెలుగుతోంది. దూరంగా ఆఫీసు గది తలుపు కిర్రుమంది, కర్ర చప్పుడు మొదలైంది. కొమురెల్లి ఇంకో చుట్టుకు బయలుదేరుతున్నాడు. తొమ్మిది రోజులు. ఇంకొక్క తొమ్మిది రోజులే కదా అనుకున్నాడు. ఆ కొవ్వొత్తి ముందు ఒక్క నిమిషం నిలబడ్డాడు, అంతే. దాన్ని ఊదేశాడు. నేల మీది గొంగడిని ఎత్తి రెండు మేకులకూ తగిలించాడు. అంచులు కూడా సర్దాడు. అలా చేస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా చేశాడు.

గది మళ్ళీ చీకటైంది.

తలుపు కింద సందులోంచి పసుపు వెలుగు లోపలికి పడింది. ఆగింది.

పరశురాం ఊపిరి బిగబట్టాడు. గదిలో ఎవరూ లేరు. లెక్క లేకుండా తడితే తీయక్కర్లేదు. పాత నియమం అదే. చచ్చినవాళ్ళు లెక్క లేకుండా కొడతారు...

తలుపుకు బాగా కింద, గచ్చుకు జానెడు ఎత్తులో, మెల్లగా తట్టిన చప్పుడు.

రెండుసార్లు. కాస్త ఆగి, ఒకసారి.